లక్షా డెబ్భై ఏడు వేల మంది

1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. 1841లో 5,61,041. ఇరవై ఏళ్ళలో 1,77,267 మంది తగ్గారు. అంటే దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు లెక్కలోంచి జారిపోయారు.

గోదావరి చరిత్ర మీద కాస్త చదివినవాళ్ళకి ఈ రెండు అంకెలూ కొత్తవి కావు. ఎక్కడ చూసినా అవి ఒకే చోట కనిపిస్తాయి, ఆనకట్ట కథకి ముందు వచ్చే పేరాలో. కరువొచ్చింది, తుఫానొచ్చింది, జనం రాలిపోయారు, ఇదిగో లెక్క. ఆ తర్వాత కాటన్ దొర వచ్చాడు, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు, డెల్టా పచ్చబడింది. సినిమాలో హీరో ఎంట్రీకి ముందు ఊరి కష్టాలు చూపించే రెండు నిమిషాల్లాగా, పాపం ఆ లక్షా డెబ్భై ఏడు వేల మందీ ఆ పేరాలో కనబడి వెళ్ళిపోతారు.

కాటన్ కథతో నాకు పేచీ లేదు. పుష్కరాలప్పుడు ఆయనకి పిండం పెట్టేవాళ్ళని చూసి నవ్వేవాణ్ణీ కాదు. నా పేచీ ఆ తీసివేతతోనే. రోజూ డేటాబేసులతో కుస్తీ పట్టే పని నాది. ఒక టేబుల్లో నిన్న ఉన్న వరుస ఇవాళ లేదంటే దానికి మూడు నాలుగు కారణాలుండొచ్చు. ఎవరో తీసేసి ఉండొచ్చు, వేరే టేబుల్లోకి మారి ఉండొచ్చు, అసలు నిన్నటి ఎంట్రీయే తప్పు కావచ్చు, ఇవాళ రాసేవాడు రాయకుండా వదిలేసి ఉండొచ్చు. చావు, వలస, తప్పుడు లెక్క, దాపరికం. 1,77,267 అనే అంకెలో ఈ నాలుగూ కలిసిపోయి ఉన్నాయి. మనం మాత్రం అన్నిటినీ కరువు ఖాతాలో రాసేసి పేజీ తిప్పేస్తున్నాం.

ముందు ఈ లెక్క ఎవరు రాశారో చూద్దాం.

1821-22లో, థామస్ మన్రో గవర్నరుగా ఉన్నప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికీ జనాభా లెక్క తీశారు. కోటీ ముప్ఫై నాలుగు లక్షల చిల్లర తేలింది. ఇప్పటిలా ఒక రాత్రి నిర్ణయించి, ఎన్యూమరేటర్లకి శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపించి తీసిన సెన్సస్ కాదది. అలాంటిది రావడానికి ఇంకో యాభై ఏళ్ళు, 1871 దాకా ఆగాలి. అప్పట్లో ఊరి లెక్క అంటే కరణం దగ్గరున్న లెక్కే. ఎవరి చేను ఎంత, ఎవరు ఎంత బాకీ, ఎన్ని నాగళ్ళు, ఎన్ని మగ్గాలు, అన్నీ ఆయన తాటాకుల్లోనో కాగితాల్లోనో ఉండేవి. ఆయన చెప్పింది తాలూకా కచేరీకి, అక్కడినుంచి జిల్లా హుజూరు కచేరీలో శిరస్తాదారు దగ్గరికి, అక్కడినుంచి కలెక్టరు సంతకంతో మద్రాసులో రెవెన్యూ బోర్డుకి. జిల్లా మొత్తానికీ ఇంగ్లీషు ఉద్యోగులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. కలెక్టరుకి ఊరు తెలియదు, శిరస్తాదారుకి తెలుసు. అతనికి తెలియనిది కరణానికి తెలుసు.

ఈ గొలుసు ఎలా పనిచేసేదో అర్థం కావాలంటే రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో పక్క జిల్లా గుంటూరు మీద తెచ్చిన పుస్తకం చదవాలి. 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా పాలన ఎవరి చేతుల్లో ఉండేదన్నదే ఆ పుస్తకం ప్రశ్న. పేరుకి కంపెనీది. నిజానికి హుజూరు కచేరీలో తరతరాలుగా పాతుకుపోయిన దేశస్థ బ్రాహ్మణ కుటుంబాలది, వాళ్ళకి ఊళ్ళో ఊతమిచ్చే కరణాలది, పెద్దరైతులది. శిస్తు ఎంత వసూలైందో, ఎంత మాఫీ చెయ్యాలో, ఏ ఊరు పాడుబడిందో వాళ్ళు చెప్పిందే పైకి వెళ్ళేది. జిల్లా పరిపాలన గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత ఆసక్తిగా ఉన్నది ఇంకొకటి లేదు. ఒక ఆఫీసు తన పైఆఫీసుకి ఏం తెలియాలో తానే నిర్ణయించే విద్య పాతదేనని తెలిసి నాకు నవ్వొచ్చింది కూడా.

కాబట్టి జనాభా లెక్క అనేది శిస్తు లెక్కకి తోకలా వచ్చిందే. మోతుర్ఫా అని ఒక పన్ను ఉండేది, వృత్తి చేసుకునేవాళ్ళ మీద. సాలె మగ్గానికి పన్ను, నూనె గానుగకి పన్ను, దుకాణానికి పన్ను. మీ ఇంట్లో ఎంతమంది, ఎన్ని మగ్గాలు అని సర్కారు మనిషి అడిగితే ఏ సాలాయన నిజం చెప్తాడు? 1851-52లో మళ్ళీ ప్రెసిడెన్సీ అంతా లెక్క తీస్తే 2 కోట్ల 20 లక్షలు తేలింది. ముప్ఫై ఏళ్ళలో, అదీ మధ్యలో పెద్ద కరువు పెట్టుకుని, జనం అరవై శాతం పెరగడం నమ్మశక్యం కాదు. 1821లో చాలామంది లెక్కకి చిక్కలేదని అనుకోవడమే సబబు. ఇప్పుడు దీన్ని రాజమండ్రికి అన్వయించండి. 1821 అంకె అసలు కంటే తక్కువైతే, 1841 నాటికి జిల్లా పోగొట్టుకున్నది 1,77,267 కంటే ఎక్కువే కావాలి. 1841లో దాచినవాళ్ళు ఇంకా ఎక్కువైతే, తక్కువ కావాలి. ఆరో అంకె దాకా కచ్చితంగా కనిపించే సంఖ్య లోపల ఇంత సందు ఉంది.

అయితే లెక్క వదులుగా ఉందని జిల్లా బాగానే ఉందనుకోకూడదు. కుదేలైంది. ఎలాగన్నది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆనకట్ట కథలో మనం దాటేసే భాగం ఇదే.

1802-03లో కంపెనీ ఉత్తర సర్కారుల్లో శాశ్వత పైసలా చేసింది. పెద్దాపురం, పిఠాపురం, మొగల్తుర్రు లాంటి పాత జమీందారీలకి ఏటా కట్టాల్సిన పేష్కషు శాశ్వతంగా నిర్ణయించింది. జమీందారు వసూలు చేస్తాడని అంచనా వేసిన దాంట్లో దాదాపు మూడింట రెండొంతులు సర్కారుకి. సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూముల్ని కూడా ముక్కలు చేసి వేలంలో అమ్మేసి కొత్త జమీందార్లని పుట్టించింది. వానొచ్చినా రాకపోయినా, ఏరు పొంగినా ఎండినా కట్టాల్సింది మాత్రం మారదు. పేష్కషు కట్టలేని జమీందారు ఆస్తి వేలానికి. కొన్నవాడు కూడా కట్టలేకపోతే మళ్ళీ వేలం. కొత్తగా పుట్టించిన ఎస్టేట్లు ఒకటొకటే కూలిపోయి మళ్ళీ కంపెనీ చేతికే వచ్చిపడ్డాయి. వచ్చిన ఊళ్ళని కంపెనీ ఏం చేసింది? ఊరంతటికీ కలిపి ఒక మొత్తం ఖరారు చేసి కౌలుకిచ్చింది. ఆ మొత్తాన్ని ఊళ్ళో ఎవరెవరి మీద ఎంతెంత వెయ్యాలన్నది మళ్ళీ పెద్దరైతులూ కరణమే తేలుస్తారు. చిన్నరైతు పైన ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో కూడా తెలియని ఏర్పాటు.

ఇంకోపక్క నేత. గోదావరి పాయల మీద ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయిపాలెం, బండారులంక దారిలోని ఊళ్ళు, వీటి బతుకంతా ఎగుమతి బట్ట మీదే నడిచేది. మాధవాయిపాలెం పేరు నోరు తిరక్క ఇంగ్లీషువాళ్ళు 'మడపొల్లం' అన్నారు. అదే ఒక రకం బట్టకి పేరై వాళ్ళ నిఘంటువుల్లో ఇంకా ఉంది. ఊళ్ళో నేత పోయింది, ఊరి పేరు మిగిలింది. ఇంగ్లండు మిల్లు బట్ట రావడంతో గిరాకీ పడిపోయింది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మూసేసింది. కొనేవాడు పోయాడు గానీ మగ్గం మీద పన్ను పోలేదు. మోతుర్ఫా ఎత్తేసే సరికి 1860లు వచ్చాయి.

ఇలా ఉన్న జిల్లా మీద పడింది కరువు. నందన నామ సంవత్సరం, అంటే 1832-33. నందన కరువన్నా, డొక్కల కరువన్నా అదే. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకుని ఉత్తర సర్కారుల మీదుగా మద్రాసు చేరింది 1831లో. ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే మనకి మిగిలే పుస్తకం వేరుగా ఉండేది. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది గుంటూరు. ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని అప్పటి అంచనాలు. గింజలు ఉన్నచోటి నుంచి లేనిచోటికి తెచ్చే రోడ్డు లేదు. ఉన్న ఒక్క దారీ మద్రాసు వెళ్ళేది, దాని పొడుగునా జనం నడుస్తూ పడిపోయారు. రాజమండ్రి జిల్లాకి గోదావరి ఉంది కదా అనిపిస్తుంది. నది ఉంది, నీళ్ళు పొలానికి ఎక్కించే ఏర్పాటు లేదు. పాత కాలవలు, చెరువులు పూడిపోయాయి. వాటిని బాగుచేయించే బాధ్యత జమీందారుదా, కౌలుదారుదా, కంపెనీదా అన్నది తేలకుండానే ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. వరదొస్తే మునక, రాకపోతే ఎండ.

కరువు తర్వాత తుఫాను. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు ఇంటర్నెట్‌లో తిరిగే పాత అంకెల్లో నాకు బాగా చిరాకు పుట్టించేది ఇదే. 1839 నవంబరు 25న కోరంగి మీద పెనుతుఫాను పడింది, ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. అది నిజం. 'సైక్లోన్' అనే మాటని 1848లో పుట్టించిన హెన్రీ పిడింగ్టన్‌కి కోరంగి అంటే ప్రత్యేకమైన ఆసక్తి. 1789లో అదే ఊరి మీద మూడు అలలుగా వచ్చిన ఉప్పెన గురించి కూడా రాశాడు. కానీ 1839 తుఫాను గురించి ఎక్కడ చూసినా కనిపించే వాక్యం ఇంకొకటుంది: మూడు లక్షల మంది చనిపోయారు, ఇరవై వేల పడవలు మునిగాయి అని. ప్రపంచంలోకెల్లా ఘోరమైన తుఫానుల జాబితాల్లో కోరంగి ఎక్కేది ఈ మూడు లక్షలతోనే.

చిన్న లెక్క వేద్దాం. తుఫాను 1839 చివర్లో. 1841లో జిల్లా మొత్తం జనం 5,61,041. అందులో మూడు లక్షలు కలిపితే తుఫానుకి ముందు ఎనిమిది లక్షల అరవై వేలు ఉండాలి. అంటే నందన కరువు దాటి, నేత పోయి, ఎస్టేట్లు కూలాక కూడా జిల్లాలో 1821 కంటే లక్షా ఇరవై వేల మంది ఎక్కువ ఉండి ఉండాలి! అదెలా సాధ్యం? పైగా ఇవే అంకెలు, మూడు లక్షల మంది, ఇరవై వేల పడవలు, ఇంకో తుఫాను కథలో కూడా ఉన్నాయి. 1737లో కలకత్తా దగ్గర హుగ్లీ నది మీద వచ్చిన తుఫాను గురించి లండన్ పత్రికలు అచ్చంగా ఇదే రాశాయి. రోజర్ బిల్‌హామ్ అనే భూకంప శాస్త్రవేత్త 1994లో దాన్ని పరిశీలించి, అప్పటి కలకత్తాలో అంతమంది జనమే లేరని, కంపెనీ కాగితాల్లో ఉన్నది మూడు వేల మంది చావని చూపించాడు. కలకత్తాకే అబద్ధమైన అంకె కోరంగికి అంటుకుని ఇక్కడ నిజమై కూర్చుంది. కోరంగిలో చనిపోయినవాళ్ళని తక్కువ చేద్దామని కాదు ఇదంతా. మూడు లక్షలన్నది అంత పెద్ద రాయి కాబట్టి దాని కింద అసలు చనిపోయినవాళ్ళు కూడా కనిపించకుండా పోయారు. వాళ్ళ సంఖ్య ఎంతైనా, 1,77,267లో ఒక ముక్క మాత్రమే కాగలదు.

ఇప్పుడు వలస సంగతి. అప్పటి రైతు చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ఊరొదిలిపోవడం. కోర్టుకెక్కలేడు, కలెక్టరు భాష రాదు, కరణానికి ఎదురు చెప్పలేడు. శిస్తు భరించలేకపోతే రాత్రికి రాత్రి ఎద్దుల్ని తోలుకుని పక్క జమీందారీలోకి పోతాడు. అక్కడ బంజరు సాగు చేసేవాళ్ళకి మొదటి కొన్నేళ్ళు తేలిక షరతులుంటాయి. లేదంటే నిజాం ఇలాకాలోకి పోతాడు. రాజమండ్రి జిల్లా పుస్తకంలో ఒకడు తగ్గాడు, వేరేచోట ఒకడు పెరిగాడు, అక్కడ రాసుకునేవాళ్ళుంటే. ఇంకా దగ్గరి దారి యానాం. జిల్లా నడిబొడ్డున, గోదావరి గట్టున, ఫ్రెంచివాళ్ళ పట్నం. అక్కడికి నాలుగడుగులు వేస్తే ఇంగ్లీషువాడి లెక్కలో మనిషి లేనట్టే. ఆ యానాం నుంచే 1828-29లో, కరువుకి ముందే, తెలుగు కూలీలని ఓడలెక్కించి రీయూనియన్ దీవిలో చెరకు తోటలకి తీసుకెళ్ళారు. మారిషస్‌కి ఇంగ్లీషువాళ్ళ కూలీల ఎగుమతి 1834లో మొదలైంది. అది తర్వాత కోరంగి రేవుకీ చేరింది.

జనం పోతే పోయారు, శిస్తు కూడా పోతోందని గుర్తించాక గానీ మద్రాసు కదల్లేదు. 1843లో హెన్రీ మాంట్‌గొమరీని ప్రత్యేకంగా విచారణకి పంపారు. 1844లో ఆయన రిపోర్టు ఇచ్చాడు. చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది, ఆయన నెపం వానల మీద నెట్టలేదు. శిస్తు పద్ధతి, చేతకాని పాలన, నీటి పనుల నిర్లక్ష్యం, అన్నిటినీ వేలెత్తి చూపించాడు. అందులో నీటి పనుల ముక్క కాటన్‌కి తలుపు తీసింది, 1846లో ఆనకట్టకి అనుమతి వచ్చింది. మిగతా ముక్కలు మన కథల్లోకి రాలేదు. సర్కారు తన తప్పుని విచారించి తానే సరిదిద్దుకున్న వైనంలో సరిదిద్దినవాడి విగ్రహం ఊరూరా నిలబడింది, తప్పుకి విగ్రహం కట్టే అలవాటు ఎలాగూ ఎవరికీ లేదు.

ఆనకట్ట ఫలితం గురించి చెప్పేటప్పుడు కూడా ఇంకో తీసివేత జరుగుతుంది. 1841లో 5.6 లక్షలు, 1901లో గోదావరి జిల్లా జనాభా 23,01,759. నాలుగు రెట్లు! అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఈ రెండూ ఒకే జిల్లా కాదు. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు అనే మూడు జిల్లాల్ని కలిపి గోదావరి, కృష్ణా అని రెండుగా చేశారు. ఏలూరు వైపు మచిలీపట్నం జిల్లా ముక్క గోదావరిలోకి వచ్చింది. గుంటూరు అనే జిల్లా పేరే నలభై అయిదేళ్ళు లేకుండా పోయింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి భద్రాచలం, రేకపల్లి వచ్చి కలిశాయి. 1904లో గుంటూరు మళ్ళీ పుట్టింది, గోదావరికి పడమటి తాలూకాలు కృష్ణా జిల్లాకి వెళ్ళాయి. 1925లో అవే పశ్చిమ గోదావరి అయ్యాయి. టేబుల్ పేరు అదే ఉంచి లోపల స్కీమా మార్చేస్తే ఎలా ఉంటుందో మా ఫీల్డులో వాళ్ళకి చెప్పక్కర్లేదు. డెల్టాలో జనం పెరిగారు, బాగా పెరిగారు. 1876-78 ధాత కరువులో రాయలసీమ మాడిపోతుంటే గోదావరి డెల్టా గింజలు బయటికి పంపింది. అందుకోసం నాలుగు రెట్లు అనక్కర్లేదు.

ఇదేమీ పాతకాలపు గొడవ కాదు. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి మూడు నాలుగు ముక్కలై కాకినాడ, కోనసీమ, కొత్త తూర్పు గోదావరి వచ్చాయి, మన్యం ముక్క అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. వాటి జనాభా ఎంత అని వెతికితే దొరికేది 2011 నాటి మండలాల లెక్కలు కూడిన మొత్తం. 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. కొత్త జిల్లాలకి గీతలు గీసింది పదకొండేళ్ళ నాటి మనుషుల మీద.

మళ్ళీ 1841కి వస్తే, జిల్లా లెక్కలోంచి జారిపోయినవాళ్ళలో కొద్దిమంది మాత్రం ఇంకో లెక్కలో దొరుకుతారు. 1843లో కోరంగి ప్యాకెట్ అనే ఓడలో తమ పెద్దలు వచ్చారని మారిషస్ తెలుగువాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ దీవిలో మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వలస కూలీల రిజిస్టర్లు అక్కడ దాచారు. ఒక్కో మనిషికీ ఒక వరుస, ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, స్వస్థలం. ఊరి కరణం తన పుస్తకంలో ఈ మనిషి గురించి ఇన్ని గడులు ఎన్నడూ నింపి ఉండడు. ఇక్కడ బాకీదారు, అక్కడ ఒప్పందం మీద కొన్న కూలి. తోట యజమానికి అతని ఎత్తు తెలియాలి, పారిపోతే పట్టుకోవడానికి.